నలభై మూడు పువ్వులు

ఒక్క ఒత్తు కోసం కోడలు పొద్దుటి నుంచి కుస్తీ పడుతోంది. "గువ్వా" అన్న మాట కింద వకారపు ఒత్తు వేలాడి, కింది వరసలోని అయిదు గీతల్లో పై గీతకు తగులుతోంది, గాలిపటం తీగకు చిక్కినట్టు. గీతలను కిందికి జరిపితే పేజీలో ఆఖరి వరస బయటికి పోతుంది. అక్షరాలను చిన్నవి చేస్తే పాడేవాళ్ళకు కనపడవు. పాడేవాళ్ళలో సగంమందికి కళ్ళజోళ్ళు, మిగతా సగంమందికి కళ్ళజోడు ఉన్నా పెట్టుకోని పట్టుదల.

కుట్టుపని దుకాణం పైన రెండు గదుల్లో నడిచే పాటల ముద్రణ ఆఫీసు అది. ఒక గది నిండా కాగితాలు, రెండో గదిలో కంప్యూటరు, దాని ముందు కోడలు. స్వరాలను చుక్కలుగా అయిదు గీతల మీద కూర్చి, కింద పాట మాటలను అక్షరం అక్షరం విడదీసి ఏ చుక్కకు ఆ అక్షరాన్ని కట్టడం ఆమె పని. వినడానికి తేలికే. తొందరపడి ఒత్తునో గుడినో దాని అక్షరం నుంచి విడదీశారా, అది తల్లి తప్పిపోయిన పిల్లలా, కంప్యూటరు తెర మీద వేసే ఒక చుక్కల సున్నాను పట్టుకుని నిలబడుతుంది. మొదటి నెలలో అలాంటి చుక్కల సున్నాలు కోడలు బోలెడన్ని పుట్టించింది. ఇప్పుడు చెయ్యి తిరిగింది.

చేతిలో ఉన్న పనేమో ఆషామాషీ కాదు. అత్తగారు పాడే బృందం పాటల పుస్తకం. ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు పాతికేళ్ళుగా పాడుతున్న పాటలు మొదటిసారి అచ్చులోకి వస్తున్నాయి. మొత్తం పద్నాలుగు పాటలు. పేర్లకు ఏ అక్షరాలు, మూలల్లో ఏ అలంకారం, అన్నీ ఆమె ఇష్టానికే వదిలారు. ఇన్నాళ్ళూ ఎవరో చేసినదాంట్లో తప్పులు దిద్దడమే గాని, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తన చేతి మీద నడిచే పుస్తకం ఇదే మొదటిది. ఆ సంబరంలో మూడుసార్లు టీ తెప్పించుకుని మూడుసార్లూ చల్లార్చింది.

ఒత్తు చివరికి దారికొచ్చింది. అక్షరాలను చిన్నవి చెయ్యకుండా, వరసకూ వరసకూ మధ్య వెంట్రుకవాసి చోటు దొంగిలిస్తే సరిపోయింది. తరవాత పాట పేరుకు ఒక తీగ గీసింది. దాన్ని పేరు చుట్టూ పాకించి, ఆ అమరికనే అన్ని పేర్లకూ వర్తించమంది. ఒక్క నొక్కు నొక్కేసరికి పద్నాలుగు పాటలూ ఒక్కసారిగా కొత్త బట్టలు కట్టుకుని నిలబడ్డాయి.

ఆఫీసు పెద్దాయన వెనక నుంచి తొంగిచూశాడు. "పాటల పుస్తకం చెయ్యమన్నాను తల్లీ, పెళ్ళికూతుర్ని చెయ్యమన్లేదు."

"బాగాలేదా బాబాయ్?"

"బాగోలేదని ఎవరన్నారు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా అచ్చుకు వెళ్ళిపోవాలి. అది గుర్తు పెట్టుకుని ఎంత ముస్తాబైనా చేసుకో."

బృందాన్ని నడిపే మాస్టారు ఇచ్చిన మూలకాగితాలు పక్కనే ఉన్నాయి. నకలుకు నకలు తీసి తీసి మసకబారినవి. వాటి మీద గీతల పైన అక్కడక్కడ పెన్సిలు పువ్వులు కనపడ్డాయి. పాడి పాడి విసుగొచ్చి ఎవరో గీసి ఉంటారనుకుంది కోడలు. టీ మరకలతోపాటు వాటినీ వదిలేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూనే చెప్పులైనా విప్పకుండా మొదటి పాట కాగితం అత్తగారి చేతిలో పెట్టింది. అత్త ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి, తడి లేకపోయినా చేతులు తుడుచుకుని మరీ కాగితం అందుకుంది. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుందామె. చుక్కలు చదవడం మాత్రం రాదు. తీగను చూసింది, పేరు చదివింది. వేలు గీత వెంబడి పోతూ పోతూ ఒకచోట ఆగింది. ఇంకొంచెం పోయి మళ్ళీ ఆగింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"శుభ్రంగా ఉందమ్మాయ్," అంది అత్త. "చాలా శుభ్రంగా ఉంది."

కోడలికి అంతకన్నా ఏం కావాలి. రాత్రి అన్నం తింటూ మొగుడికి ఆ తీగ సంగతే చెప్పింది. ఏ ఆకు ఎటు తిరగాలో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. బస్సు నడిపి అలిసొచ్చిన మనిషి ఆవులిస్తూనే "ఊఁ" కొట్టాడు, పాపం.

మంగళవారం నాలుగు గంటలకు బృందం పాడే హాలుకు కోడలు మొదటిసారి వెళ్ళింది. ముప్ఫై రెండు నకళ్ళు చంకలో పెట్టుకుని, పరీక్షా ఫలితాలు పంచేదానిలా ఒక్కొక్కరికీ పంచింది. కుడివైపు పదహారుమంది, ఎడమవైపు పదహారుమంది, రెండు వరసలుగా పక్కపక్క బల్లల మీద కూర్చున్నారు. మాస్టారు వాళ్ళకు ఎదురుగా నిలబడ్డారు. అందరూ కాగితాలు చూసి, "ఎంత బాగుందో", "అక్షరం ముత్యంలా ఉంది", "మన పిన్ని కోడలట" అనుకుంటుంటే కోడలికి చెవుల దాకా వేడెక్కింది. బృందంలో చిన్నా పెద్దా అంతా అత్తను పిన్నీ అనే పిలుస్తారు.

పాట మొదలైంది.

తడిసిన రెక్కలు ఆరబెట్టుకునే గువ్వా, గోరువెచ్చని ఎండలోన గూడు మరిచిపోకే గువ్వా.

మొదటి "గువ్వా" దగ్గర దీర్ఘం లాగాలి. లాగారు. కొందరు అక్కడే ఊపిరి తీశారు, కొందరు తీయలేదు. తీయనివాళ్ళు ముందుకు పోయారు. "గోరు" అనేసరికి వాళ్ళ గుక్క అయిపోయింది. సరిగ్గా "గోరు" తరవాత పదిమంది ఒక్కసారి ఆగి గాలి పీల్చారు. "వెచ్చని" అనేది వెనకాల విడిగా, ఎవరిదో తెలియనట్టు వచ్చింది.

ఆఫీసు కింద కుట్టుపని దుకాణం నడిపే టైలరమ్మది బొంగురు గొంతు. ఆవిడ కాగితం దించింది. "ఎవరి గోరమ్మా అంత వెచ్చగా ఉందీ?"

హాలంతా నవ్వు. మాస్టారు చెయ్యి ఆడించి మళ్ళీ మొదలుపెట్టించారు. మళ్ళీ అదే గోరు. మూడోసారి ఒకావిడ కాగితాన్ని వెలుతురుకు పెట్టి, తిప్పి వెనక వైపు కూడా చూసింది. "పువ్వులేవమ్మా?" అని అడిగింది.

"ఏ పువ్వులండీ?"

"పిన్ని వేసే పువ్వులు. పువ్వు దగ్గర ఊపిరి తీస్తాం కదా."

కోడలు అత్త వైపు చూసింది. అత్త ఒళ్ళో కాగితాన్ని నాలుగు మూలలూ సరిచేసుకుంటోంది, అది నలగకపోయినా.

నిన్న ఆ వేలు ఆగిన చోట్లన్నీ ఒకటొకటిగా కోడలి కళ్ళముందుకొచ్చాయి. శుభ్రంగా ఉంది అన్న మాట కూడా.

"నేను పెట్టేస్తాను మాస్టారూ," అంది కంగారుగా. "రేపటికల్లా పువ్వులు పెట్టేస్తాను."

మాస్టారు చెడ్డవాడు కాదు. పాతికేళ్ళుగా జీతం భత్యం లేకుండా ఈ ఆడవాళ్ళకు పాట నేర్పుతున్న మనిషి. కానీ చదువుకున్నవాడికి ఉండే భయాలు ఆయనకూ ఉన్నాయి. "పువ్వులొద్దమ్మా. ఊపిరికి అందరూ వాడే గుర్తు ఉంది, కామాలా ఉంటుంది. అది పెట్టు. చుక్కలు రాని వాళ్ళ కోసం ఏదో గీసుకున్నాం. పుస్తకంలో పువ్వులూ ఆకులూ చూస్తే నలుగురూ నవ్వుతారు."

అత్త తల ఊపింది, నిజమేనన్నట్టు. ఆ తల ఊపడమే కోడలికి గుచ్చుకుంది.

దారిలో నడుస్తూ అడిగింది. "నిన్న ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"అంత ముచ్చటగా చేశావు. మధ్యలో నా పిచ్చిగీతలెందుకని."

"పిచ్చిగీతలా అవి. అవి లేకపోతే ముప్ఫై ఇద్దరూ ఒక లైను దాటలేకపోయారు."

"నాదేముందే. వాళ్ళందరూ కాగితం చూసి పాడతారు, నేను విని పాడతాను. ఎక్కడ ఊపిరాడక చచ్చానో అక్కడ గుర్తుకి ఓ పువ్వేసుకున్నాను. పక్కావిడ చూసి, నాదాని మీద కూడా వెయ్యి పిన్నీ అంది. అలా అలా అందరివీ నా దగ్గరికే వచ్చాయి. ఒక్కటే చూసుకుంటాను. ఊపిరి కోసం మాట విరగకూడదు. మాట విరిగితే పాటెందుకు, దగ్గితే పోలా."

ఇంటికొచ్చి కోడలు తెల్లకాగితం, పెన్సిలు ఆమె ముందు పెట్టింది. "ఒక పువ్వు వెయ్యండి."

"మాస్టారు కామా పెట్టమన్నారు కదా."

"కామాయే పెడతాను. కామాకి పువ్వు బట్టలు కడతాను."

అత్త నవ్వి వేసింది. అయిదు రేకులు, ఒక కాడ, కుడిపక్కకి ఒక ఆకు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

బుధవారం పొద్దున ఆఫీసులో కోడలి చేతులు మౌసు మీద నాట్యం చేశాయి. అత్త వేసిన పువ్వును కంప్యూటరులోకి ఎక్కించి, అంచుల వెంబడి గీత నడిపించి, చుక్కంత చిన్నది చేసినా రేకులు కలిసిపోకుండా గీత మందం సరిచేసింది. దాన్ని గుర్తుల పెట్టెలో దాచుకుంది. ఇక ఎక్కడ కావాలంటే అక్కడ లాక్కొచ్చి పడెయ్యడమే. ప్రతి పువ్వునూ దాని చుక్కకు కట్టింది, వరస అటూ ఇటూ జరిగినా పువ్వు చుక్కను వదలకుండా. మూలకాగితాలు భూతద్దంతో చూసుకుంటూ పదమూడు పాటల్లో లెక్కపెడితే నలభై మూడు తేలాయి. ఒక్క పద్నాలుగో పాటలో లేవు. అది మాస్టారు పుస్తకం కోసం కొత్తగా రాసింది, ఇంకా ఎవరూ నేర్చుకోలేదు.

నలభై మూడూ పెట్టి కాగితం ఎత్తి చూసుకుంటే, తన తీగ కన్నా ఆ పువ్వులే అందంగా ఉన్నాయి. కాస్త ఈర్ష్య కూడా పుట్టింది. ఆ మాట దాచడమెందుకు.

నాలుగింటికి హాల్లో మాస్టారు కాగితం చూసి పెదవి విరిచారు. "సరే, ఈ పూటకి పాడండి. రేపు తీసెయ్యాలి సుమా."

ఈసారి "గువ్వా" దగ్గర కుడి వరస అంతా ఒక్కసారి హాయిగా ఊపిరి తీసింది. గోరువెచ్చని ఎండ గోరువెచ్చగానే వచ్చింది. కోడలికి గంతేయాలనిపించింది. ఆ సంబరం నాలుగు లైన్లు కూడా నిలవలేదు. తరవాతి పువ్వు దగ్గర మళ్ళీ కుడి వరసే ఊపిరి తీసింది. ఆ తరవాత మళ్ళీ కుడి వరసే. ఎడమ వరసలో మొహాలు టమాటాల్లా ఎర్రబడుతున్నాయి. చరణం చివర్లో ఎడమ వరస మొత్తం ఒక్కసారిగా చేతులెత్తేసింది. టైలరమ్మ ఛాతీ పట్టుకుని బల్ల మీద కూలబడింది.

"ఏమైందండీ?" కోడలు పరుగెత్తుకెళ్ళింది.

"ఏమవుతుందమ్మా. మా పంక్తికి ఆకులే వెయ్యలేదు నువ్వు. ఇంక వడ్డనేం చేస్తావు?"

అప్పటికి బయటపడింది అసలు సంగతి. ఆకు కుడికి ఉంటే కుడి వరస ఊపిరి తీస్తుంది, ఎడమ వరస పాటను పట్టుకుని ఉంటుంది. ఆకు ఎడమకు ఉంటే వాళ్ళు తీస్తారు, వీళ్ళు పట్టుకుంటారు. ఆకు లేకపోతే అందరూ తీయొచ్చు. అందుకే ఆ పాటలు వినేవాళ్ళకు ఎక్కడా తెగినట్టు ఉండదు. కోడలు మాత్రం మసకలో ఆకు ఎటుందో చూడకుండా ఒక్క పువ్వును పట్టుకుని, నలభై మూడు చోట్లా అదే అంటించింది. కంప్యూటరుకేం, అడిగినన్ని ఇస్తుంది.

"ఒక పువ్వు వెయ్యమన్నావు, వేశాను," అంది అత్త, తప్పు తనదే అన్నట్టు. "ఏ పువ్వని అడగలేదు కదే."

మాస్టారు పాత నకలు ఒకటి అడిగి తీసుకుని ఆకులను వేలితో ముట్టుకుంటూ చూశారు. "ఆకు ఇటు ఉంటే అటువాళ్ళు తీసేవాళ్ళు," అన్నారు నెమ్మదిగా. "పోనీ అటు ఉంటే ఇటువాళ్ళు. పొంతన లేదు, ఊరికే ముచ్చటకి వేస్తోంది అనుకున్నాను పిన్నీ."

"మీరు మాకు ఎదురుగా నిలబడతారు కదా మాస్టారూ. మా కుడి మీకెడమ."

పాతికేళ్ళు ఎదురుగా నిలబడ్డ మనిషి అప్పుడు కండువా సర్దుకుని, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ వరస చివర టైలరమ్మ పక్కన నిలబడ్డారు. ఆవిడ జరిగి చోటిచ్చింది. "పాత కాగితాలతో పాడండి," అన్నారు. చెయ్యి ఊపేవాళ్ళు లేకుండానే పాట మొదలైంది. ఎడమ ఆకు పువ్వు దగ్గర ఆయన అందరితోపాటు ఊపిరి తీశారు. ఆ తీసినంతసేపూ అవతలి వరస గొంతు పాటను దించకుండా మోస్తూ ఉంది. ఆయన మళ్ళీ అందుకునేసరికి వాళ్ళు తీశారు. రెండో చరణానికి ఆయన కళ్ళు కాగితం మీద లేవు.

పాట అయ్యాక ఆయన కాగితం తిరిగిచ్చి, "ఆకులు సరిచెయ్యమ్మా," అన్నారు కోడలితో. "తీసెయ్యమన్నది మాత్రం మర్చిపో."

గురువారం పొద్దున్నే మాస్టారు, అత్త ఇద్దరూ ఆఫీసు మెట్లెక్కారు. అత్తకు మోకాళ్ళు నొప్పి. ఎక్కేముందు కింద టైలరమ్మ దుకాణం దగ్గర ఆగితే, ఆవిడ కత్తెర పక్కన పడేసి తనూ వెంట వచ్చింది. పెద్దాయన కుర్చీలు వెతుక్కోవాల్సి వచ్చింది.

కోడలు ఒక్కో పువ్వూ తెర మీద పెద్దది చేసి చూపిస్తే అత్త చెప్పింది. "కుడి. ఎడమ. ఆకు లేదు. ఎడమ." కాగితం చూడనే లేదు. లోపల పాడుకుంటూ ఎక్కడ ఊపిరి తీస్తుందో అక్కడ చెయ్యి ఎత్తేది. ఎడమ ఆకు కావలసిన చోట కోడలు పువ్వును పట్టుకుని అద్దంలోలా తిప్పేసింది. గంటలో నలభై మూడూ తేలిపోయాయి.

"ఇక పద్నాలుగోది," అంది కోడలు. "దీనికి పువ్వుల్లేవు."

మాస్టారు తన పాట తనే పాడి వినిపించారు. మంచి బాణీ. అత్త కళ్ళు మూసుకుని ఓసారి వింది, రెండోసారి ఆయనతో కలిసి పాడింది. మూడో లైనులో "నవజీవనగానతరంగవాహినీ" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏం పిన్నీ?"

"ఈ మాటకి గుమ్మం లేదు మాస్టారూ. లోపలికెళ్తే బయటికి రావడానికి దారి కనపడట్లేదు. పువ్వెక్కడ వెయ్యను?"

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ మాట మీద మాస్టారు వారం రోజులు కూర్చున్నారని కోడలికి తెలుసు. మూలకాగితం మీద ఆ ఒక్క మాట కిందే రెండుసార్లు గీత గీసి ఉంది.

మాస్టారు కాగితం దగ్గరికి లాక్కున్నారు. పెదాలు కదిలాయి. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "'పాటై పారే కొత్త బతుకా' అంటే?"

అత్త పాడి చూసింది. "పాటై పారే" తరవాత ఆమె చెయ్యి దానంతట అదే లేచింది. "ఇక్కడ, ఎడమ. ఇప్పుడు గాలి ఆడుతోంది."

మాస్టారు తన మాటను పెన్సిలుతో కొట్టేశారు. కోడలు తెర మీద మాట మార్చి, అక్షరాలు విడదీసి చుక్కల కింద పంచి, పువ్వు పెట్టింది. నోట్లో మాట ఆగలేదు. "మాస్టారూ, పేజీ పైన ఎడమ పక్క సాహిత్యం అని మీ పేరుంది. కుడి పక్క స్వరం అనీ మీ పేరే. అన్ని పాటలకీ అంతే. మరి అత్తయ్య చేసింది?"

"ఊరుకోవే," అంది అత్త.

"చివర్లో 'బృంద సభ్యుల సహకారంతో' అని వేశాం కదమ్మా," అన్నాడు పెద్దాయన. "పైగా అందులో పెట్టెలు రెండే ఉంటాయి. రాసినవాళ్ళకొకటి, కట్టినవాళ్ళకొకటి. మూడో పెట్టె లేదు."

"లేకపోతే పెడతాను బాబాయ్."

ఆయన మాస్టారి వైపు చూశాడు. అందరూ అటే చూశారు. మాస్టారు కొట్టేసిన తన పెద్ద మాటను చూస్తూ, పెన్సిలు వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయారు. కుర్చీలో కదిలితే చప్పుడవుతుందని కోడలు కదలనైనా లేదు.

"మధ్యలో పెట్టు," అన్నారు చివరికి. "మా అక్షరాల కన్నా చిన్నవి చెయ్యకు."

కోడలు పాట పేరు కింద, సరిగ్గా నడిమధ్య కొత్త పెట్టె తెరిచింది. "ఊపిరి" అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టింది. "పూర్తి పేరు వెయ్యనా అత్తయ్యా?"

"ఆ పేరుతో ఎవరు పిలిచారు గనక. పిలిస్తే నేనే పలకను."

"పిన్ని అని వెయ్యి," అంది టైలరమ్మ.

"పిన్ని ఏమిటమ్మా," పెద్దాయన నొసలు పట్టుకున్నాడు. "కొన్నవాడు ఎవరికి పిన్ని అని అడగడూ?"

"పాడితే తెలుస్తుంది లెండి," అన్నారు మాస్టారు.

కోడలు రెండక్షరాలు కొట్టి, ఆ అమరికను అన్ని పాటలకూ వర్తించమంది. పేజీ తరవాత పేజీ తిప్పి చూపించింది. ప్రతి పాట నెత్తిన, ఎడమ సాహిత్యం, కుడి స్వరం, నడుమ ఊపిరి. అత్త తెర దగ్గరికి వంగి ప్రతి పేజీలోనూ ఆ మాటను కూడబలుక్కుని చదివింది, పద్నాలుగుసార్లూ. ఒక పేజీలో కూడా తప్పిపోలేదని నమ్మకం కుదిరాక నిటారుగా కూర్చుని, పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

"అచ్చుకి రేపు మధ్యాహ్నం కదూ వెళ్ళేది?"

"అవునత్తయ్యా. అయిపోయినట్టే ఇక."

"అవ్వలేదు. ఊపిరి పిన్నిది అని రాశాక ఎక్కడన్నా పాడేవాళ్ళు ఉక్కిరిబిక్కిరైతే తిట్లు నాకే కదా." అత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏడో పాట తియ్యి. మాస్టారూ, ఇన్నేళ్ళూ మొహమాటానికి ఊరుకున్నాను. ఆ రెండో చరణం నాకు మొదట్నుంచీ నచ్చలేదు."

పెద్దాయన గడియారం వైపు చూశాడు. మాస్టారు పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టారు.